ఆఫీసు ఫోన్ల కోసం యాప్ తయారుచేసి అందరి ఫోన్లకూ చేర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలి?

ప్రశ్న: మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. నేను ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు, కంప్యూటర్ పని చూస్తున్నాను. మా సేల్స్‌మన్లు కాశీనగర్, గుమ్మ, సెరంగో, మోహన, ఆర్. ఉదయగిరి లైన్లలో తిరిగి దుకాణాల్లో ఆర్డర్లు రాసుకుంటారు, పాత అరువులు వసూలు చేసుకుని వస్తారు. వారందరికీ సంస్థే ఆండ్రాయిడ్ ఫోన్లు కొని ఇచ్చింది. ప్రస్తుతం ఆర్డరు పుస్తకంలోని పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, సాయంత్రం నేను కూర్చుని టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేరులో ఎక్కిస్తున్నాను. చేతిరాత అర్థం కాక ఫోన్ చేసి అడుగుదామంటే అవతలివారు సిగ్నల్ లేనిచోట ఉంటారు. అంతలో గోడౌన్‌లో లోడింగ్ మొదలుపెట్టవలసిన వేళవుతుంది.

ఇంతకుముందు బయటివారొకరు ఒక యాప్ చేసి ఇచ్చారు. ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వాట్సాప్‌లో పంపి అందరిచేతా ఇన్‌స్టాల్ చేయించారు. కొంతకాలం బాగానే నడిచింది. తరువాత జీఎస్టీ రేట్లు మారినప్పుడు యాప్‌ను మార్చవలసి వచ్చింది, అప్పటికి ఆయన అందుబాటులో లేరు. యాప్‌కు మూలమైన ప్రోగ్రాము, అంటే సోర్స్ కోడ్, మా దగ్గర ఉంది కాని, దానితో కొత్తగా తయారుచేసిన ఫైలును పాత యాప్‌పై ఇన్‌స్టాల్ చేయబోతే ఫోన్లు ఒప్పుకోలేదు. పాతది తీసివేస్తే అందులో పంపకుండా మిగిలిన ఆర్డర్లు కూడా పోతాయి. చివరికి మళ్లీ పుస్తకానికే వచ్చాం.

ఈసారి నేనే నేర్చుకుని చేయాలని మా యజమానిగారు, నేను అనుకున్నాం. బీసీఏలో చదివిన జావా కొంత గుర్తుంది. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. సేల్స్‌మన్లలో కొందరు తెలుగు, కొందరు ఒడియా చదువుతారు. ఏ ప్రోగ్రామింగ్ భాషతో, ఏ క్రమంలో నేర్చుకోవాలి? తయారైన యాప్‌ను ఫోన్లకు చేర్చడానికి ప్లే స్టోర్‌లో పెట్టక తప్పదా? మొదటిసారి కంటే తరువాతి మార్పులను పంపడమే నాకు ఎక్కువ దిగులుగా ఉంది. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: జయపురం వాసి, కోరాపుట్ జిల్లా

మహేంద్రతనయ గారూ, యాప్ రాయడం ఒక చదువు, రాసినదాన్ని పదిమంది ఫోన్లలో ఏళ్ల తరబడి నడిపించడం మరొక చదువు. మొదటిదానికి పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి. రెండోదాన్ని చాలామంది యాప్ పూర్తయ్యాక చూసుకుందామని వదిలేస్తారు. మీకు జరిగిన నష్టం ఆ రెండోదాన్ని పట్టించుకోనందువల్ల వచ్చిందే. అందుకని ఈ రెంటినీ మొదటి నుంచీ కలిపి నేర్చుకోండి. దుకాణం పేరు, సరుకు, పరిమాణం మాత్రమే ఉన్న ఒకే ఒక తెర తయారుచేసి, దాన్ని ఒక సేల్స్‌మన్ ఫోన్‌లోకి పంపండి. తరువాత అందులో ఏదో ఒక చిన్న మార్పు చేసి, రెండో వెర్షన్‌ను అతని ఫోన్ ముట్టుకోకుండా పంపగలిగారా లేదా చూడండి. అది కుదిరిన తరువాతే మిగతా తెరల గురించి ఆలోచించండి.

ప్రోగ్రామింగ్ భాష విషయంలో నా సలహా కోట్లిన్. గూగుల్ 2017లో ఆండ్రాయిడ్‌కు దీన్ని అధికారిక భాషగా గుర్తించి, 2019 నుంచి దీనికే మొదటి ప్రాధాన్యం ఇస్తోంది. మీకు తెలిసిన జావా వృథా కాదు, ఎందుకంటే రెండు భాషల కోడూ ఒకే ప్రాజెక్టులో కలిసి పనిచేస్తుంది. తెరలు తయారుచేయడాన్ని జెట్‌ప్యాక్ కంపోజ్ అనే కొత్త పద్ధతితోనే నేర్చుకోండి, పాత ఎక్స్ఎంఎల్ పద్ధతితో ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం లేదు. గూగుల్ ఆండ్రాయిడ్ డెవలపర్ల సైటులో కంపోజ్‌తో ఆండ్రాయిడ్ ప్రాథమికాలు నేర్పే కోర్సు ఉచితంగా ఉంది. పాఠం ఇంగ్లీషులోనే ఉన్నా, అడుగడుగునా చేసి చూపిస్తూ సాగుతుంది. 8 జీబీ ర్యామ్‌లో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నమూనా ఫోన్) నడిపితే ల్యాప్‌టాప్ ఊపిరాడక ఆగిపోతుంది కనుక, మీ సేల్స్‌మన్లు వాడే మోడల్ ఫోన్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి పరీక్షించుకోండి. ఎటూ యాప్ నడవవలసింది ఆ ఫోన్‌లోనే.

ఇక అసలు పని సిగ్నల్ లేనిచోట మొదలవుతుంది. సెరంగో వైపు ఒక దుకాణంలో మీ సేల్స్‌మన్ పది పెట్టెల సబ్బులకు ఆర్డరు రాసి 'సేవ్' నొక్కాడనుకుందాం. ఆ క్షణంలో యాప్ నెట్ కోసం చూడకూడదు. ఆర్డరును ముందు ఫోన్‌లోని డేటాబేస్‌లోనే రాసుకుని, దాని పక్కన 'పంపవలసి ఉంది' అని గుర్తు పెట్టుకోవాలి. దీనికి రూమ్ అనే లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) ఉంది, దాని అడుగున ఉన్నది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్. సేల్స్‌మన్ బండి మీద కొండ దిగి సిగ్నల్ ఉన్నచోటికి రాగానే వర్క్‌మేనేజర్ అనే మరో లైబ్రరీ ఆ ఆర్డరును సర్వరుకు, అంటే అందరి ఆర్డర్లూ చేరే కేంద్ర కంప్యూటరుకు, పంపుతుంది. సర్వరు దాన్ని అందుకుని రాసుకుంది. అయితే 'అందింది' అనే జవాబు ఫోన్‌కు చేరేలోగా సిగ్నల్ మళ్లీ పోయింది. జవాబు రాలేదు కాబట్టి ఫోన్ అదే ఆర్డరును ఇంకొకసారి పంపుతుంది, సర్వరు దాన్ని కొత్త ఆర్డరుగా భావించి మళ్లీ రాసుకుంటుంది. మర్నాడు ఆ దుకాణానికి ఇరవై పెట్టెలు లోడవుతాయి. కొండ దారుల్లో ఇది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, ప్రతి వారమూ జరుగుతుంది.

దీనికి విరుగుడు తేలికే కాని మొదటి రోజునే పెట్టుకోవాలి. ఆర్డరు పుట్టినప్పుడే, అంటే ఫోన్‌లోనే, దానికి యూయూఐడీ అనే గుర్తింపు ఇవ్వండి. అది 128 బిట్ల సంఖ్య; రెండు ఫోన్లలో ఒకే సంఖ్య పడుతుందని భయపడనక్కరలేదు. సర్వరు డేటాబేస్‌లో దాన్నే ప్రైమరీ కీగా, అంటే ఒక్కో ఆర్డరుకు ఒక్కటే ఉండే గుర్తుగా, పెట్టండి. అదే ఆర్డరు మళ్లీ వస్తే సర్వరు కొత్తగా రాసుకోకుండా, ముందే అందిందని మాత్రం జవాబు చెబుతుంది. బిల్లు నంబరు మాత్రం ఫోన్‌లో ఇవ్వవద్దు, అది టాలీలోనే వరుసగా పడాలి. అలాగే ఆర్డరు రాసిన నాటి ధరను కూడా ఆర్డరుతో పాటే భద్రపరచండి. మీరు తరువాత ధరల పట్టిక మార్చినా పాత ఆర్డరు మొత్తం మారిపోకూడదు. అరువు బాకీ చూపించే తెరమీద ఆ అంకె ఏ రోజు, ఎన్ని గంటలకు ఆఫీసు నుంచి వచ్చిందో కిందనే రాయించండి. నిన్నటి బాకీని నేటి బాకీ అనుకుని సేల్స్‌మన్ గట్టిగా అడిగితే, అప్పటికే డబ్బు కట్టేసిన దుకాణదారు నొచ్చుకుంటాడు. అటువంటి మాట పడ్డాక దుకాణదారుకు మీ యాప్‌మీదనే కాదు, మీ సంస్థ మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

వర్క్‌మేనేజర్‌కు అప్పగించిన పని నిర్ణీత వ్యవధిలో మళ్లీ మళ్లీ జరగాలంటే ఆ వ్యవధి 15 నిమిషాలకు తక్కువ ఉండకూడదు. పైగా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కదలకుండా ఉన్న ఫోన్ తెర ఆరిపోయి ఉంటే బ్యాటరీ ఆదా కోసం వెనుక జరిగే పనులను వ్యవస్థ వాయిదా వేస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకొంత కఠినంగా ఆపేస్తాయి. అందువల్ల యాప్‌లో 'ఇప్పుడే పంపు' అనే మీట, 'పంపవలసినవి ఇన్ని' అనే లెక్క తప్పకుండా ఉంచండి. సాయంత్రం ఆ లెక్క సున్నా అయ్యాకే ఫోన్ పక్కన పెట్టాలని సేల్స్‌మన్లకు అలవాటు చేయండి.

టాలీలోకి చేతితో ఎక్కించవలసిన పని కూడా తగ్గించుకోవచ్చు. టాలీప్రైమ్‌ను సర్వరులాగా నడిచేట్టు సెట్ చేస్తే, సాధారణంగా 9000 పోర్టు మీద, ఎక్స్ఎంఎల్ రూపంలో వచ్చిన వోచర్లను (లావాదేవీల పద్దులను) తీసుకుంటుంది. పైథాన్ భాషతో ఒక చిన్న ప్రోగ్రాము రాసి మీ సర్వరులోని ఆర్డర్లను అటు పంపవచ్చు. దీన్ని మాత్రం చివరికి ఉంచుకోండి, పైగా అసలు కంపెనీ డేటా మీద కాకుండా నకలు మీద పరీక్షించండి.

జవాబు: మజ్జిగౌరి వీధి, రాయగడ

పై మిత్రుడు రాయడం గురించి చక్కగా చెప్పారు. నేను ఇక్కడొక కర్మాగారంలో ఉద్యోగుల ఫోన్ల నిర్వహణ చూస్తున్నాను కనుక, చేర్చడం గురించి రాస్తాను.

ముందుగా మీ పాత యాప్ ఎందుకు మొరాయించిందో తెలుసుకోవడం మంచిది. ప్రతి ఏపీకే మీద దాన్ని తయారుచేసినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఫోన్, యాప్‌ను గుర్తించే ప్యాకేజీ పేరుతో పాటు సంతకాన్ని కూడా పోల్చి చూస్తుంది, సంతకం కలవకపోతే అప్‌డేట్‌ను తిరస్కరిస్తుంది. ఇది ఉండవలసిన రక్షణే. ఎవరో మీ యాప్ పేరుతో వేరే ఫైలు తయారుచేసి మీ డేటాలోకి దూరకుండా కాపాడేది ఈ సంతకమే. ఆ సంతకపు కీ ఉండే ఫైలును కీస్టోర్ అంటారు. మీకు సోర్స్ కోడ్ ఇచ్చినవారు కీస్టోర్ ఇవ్వలేదు. ఇకమీదట ఎవరిచేత చేయించినా కీస్టోర్, దాని పాస్‌వర్డు సంస్థ పేరుమీద, యజమానిగారి దగ్గర ఉండాలి. రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీలు చేసి, ఒకటి ఆఫీసు బీరువాలో, మరొకటి వేరే చోట ఉంచండి. పాస్‌వర్డును కాగితం మీద రాసి వాటికి దూరంగా పెట్టండి. నిన్న మొన్న చేరిన కుర్రవాడి ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న కీస్టోర్ అతనితోపాటే వెళ్లిపోతుంది.

ప్లే స్టోర్‌లో అందరికీ కనబడేలా పెట్టవలసిన అవసరం మీకు లేదు. అలా పెట్టాలంటే 25 డాలర్ల రుసుము ఒకసారి కట్టి డెవలపర్ ఖాతా తెరవాలి. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, కనీసం 12 మంది పరీక్షకులతో 14 రోజులు ఆగకుండా క్లోజ్డ్ టెస్ట్ (ఎంచుకున్నవారికే ఇచ్చి చేసే పరీక్ష) నడిపితేనే యాప్‌ను బయటికి విడుదల చేయనిస్తారు. మీ సంస్థ సేల్స్‌మన్లకు తప్ప ఎవరికీ పనికిరాని యాప్‌కు ఈ శ్రమ ఎందుకు? వాట్సాప్‌లో ఏపీకే పంపడం దీనికంటే చెడ్డ దారి. ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో తెలియదు, గుర్తు తెలియని చోటి నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి ఇవ్వడం సేల్స్‌మన్లకు అలవాటవుతుంది, రేపు మోసగాడు పంపిన ఫైలును కూడా అదే చేత్తో నొక్కుతారు. ఈ రోజుల్లో బ్యాంకు పేరుతో, కరెంటు బిల్లు పేరుతో వచ్చే ఏపీకేల వల్ల ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. సంస్థే ఆ అలవాటు నేర్పకూడదని నేను గట్టిగా చెబుతాను.

మీకు సరిపోయేది సంస్థల ఫోన్ల నిర్వహణకు గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ ఎంటర్‌ప్రైజ్. 2015లో ఆండ్రాయిడ్ ఫర్ వర్క్ పేరుతో వచ్చినది ఇదే. ఫోన్లను నిర్వహించే ఎండీఎం సాఫ్ట్‌వేరును ఒకటి తీసుకుని, దానికి మేనేజ్డ్ గూగుల్ ప్లేను, అంటే సంస్థ కోసం వేరుగా ఉండే ప్లే స్టోర్‌ను, జతచేస్తారు. తక్కువ ఫోన్లున్న సంస్థలకు కొన్ని కంపెనీలు దీన్ని ఉచితంగానే ఇస్తున్నాయి. ఆ ఎండీఎం కన్సోల్ (నిర్వహణ తెర) నుంచే మీ ఏపీకేను ప్రైవేట్ యాప్‌గా ఎక్కించవచ్చు. అలా ఎక్కిస్తే 25 డాలర్లు కట్టనక్కరలేదు, మీ సంస్థ ఫోన్లకు తప్ప మరెవరికీ ఆ యాప్ కనబడదు. కొద్దిసేపట్లో ఫోన్లలోని ప్లే స్టోర్‌లో ప్రత్యక్షమవుతుంది. తప్పనిసరిగా ఇన్‌స్టాల్ కావాలని కన్సోల్‌లో పెడితే సేల్స్‌మన్ ఏమీ నొక్కకుండానే దిగుతుంది. తరువాతి వెర్షన్లూ అదే దారిలో వెళ్తాయి.

కొన్ని జాగ్రత్తలు ముందే చెబుతాను. ప్యాకేజీ పేరు ప్లే స్టోర్ మొత్తంలో ఇంకెవరూ వాడనిదై ఉండాలి కాబట్టి, సంస్థకు వెబ్‌సైట్ ఉంటే ఆ పేరును తిరగేసి వాడుకోండి. అభ్యాసపు పాఠాల్లో ఇచ్చే ఎగ్జాంపుల్ అనే పేరును అలాగే వదిలేస్తే తిరస్కరిస్తారు. పరీక్ష కోసం తయారయ్యే డీబగ్ బిల్డు చెల్లదు, విడుదల బిల్డునే సంతకం చేసి ఎక్కించాలి. ప్రతి కొత్త ఫైలుకూ వెర్షన్ కోడ్ అంకె పెరగాలి. ఇలా కన్సోల్ ద్వారా ప్రైవేటుగా పెట్టిన యాప్‌ను తరువాత బహిరంగం చేయడం కుదరదు.

ఫోన్లు సంస్థవే కనుక వాటిని పూర్తి నిర్వహణలోకి తీసుకోండి. దీనికి ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయవలసి ఉంటుంది. రీసెట్ అయిన ఫోన్‌లో మొదట వచ్చే స్వాగతం తెర మీద ఒకేచోట ఆరుసార్లు తడితే క్యూఆర్ కోడ్ చదివే కెమెరా తెరుచుకుంటుంది. ఎండీఎం కన్సోల్ ఇచ్చిన కోడ్‌ను దానికి చూపిస్తే, ఆ ఫోన్ మీ సంస్థ నియమాలతో, మీ యాప్‌తో సిద్ధమవుతుంది. ఆండ్రాయిడ్ 7, ఆపై వెర్షన్లలో ఇది పనిచేస్తుంది. అన్ని ఫోన్లనూ ఒకే ఆదివారం రీసెట్ చేయవద్దు. ముందు కాశీనగర్ లైను ఫోన్ ఒక్కటి తీసుకుని, దానిలోని ఫోటోలు, నంబర్లు భద్రపరిచి, నెల రోజులు నడిపి చూడండి. ఆ నెలంతా ఆ లైనులో ఆర్డరు పుస్తకం కూడా రాయించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే యాప్‌లో ఏది తప్పుతోందో మీకే తెలుస్తుంది.

ఇదంతా కొత్తది కూడా కాదు. ఒకప్పుడు పెద్ద సంస్థల అధికారుల చేతుల్లో బ్లాక్‌బెర్రీలు ఉన్న కాలంలో, ఆఫీసులోని ఎంటర్‌ప్రైజ్ సర్వరు నుంచే ఫోన్లకు యాప్‌లు, నియమాలు వెళ్లేవి. అప్పట్లో జావాలో యాప్ రాసినవారు ముఖ్యమైన ఏపీఐలు (ఫోన్ సౌకర్యాలను యాప్‌కు అందించే దారులు) వాడాలంటే ఆ కంపెనీ నుంచి సైనింగ్ కీలు తెచ్చుకోవలసి వచ్చేది. 2022 జనవరి 4న ఆ పాత ఫోన్లకు సేవలు ఆగిపోయాయి. అందుకే మీ లెక్కలు, నియమాలు వీలైనంతవరకు సర్వరులో ఉంచి, ఫోన్‌లోని యాప్‌ను పలచగా ఉంచండి. రేపు మరో రకం ఫోన్లు వచ్చినా సగం పని చెక్కుచెదరదు.

జవాబు: ప్రాణహిత ఒడ్డు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

నేను ఇక్కడ గ్రామాల్లో సర్వే పనులకు ఫోన్లు సిద్ధం చేసి ఇస్తుంటాను. పై ఇద్దరి మాటలూ సరైనవే అయినా, ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. యాప్ నేర్చుకుని పూర్తిచేసేదాకా మీ సాయంత్రాలు ఇలాగే గడవాలా? ఓడీకే అనే ఉచిత సాధనం ఉంది, 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఎక్సెల్ షీట్‌లో ప్రశ్నలు రాసుకుంటే అదే ఫోన్‌లో ఫారం అవుతుంది, సిగ్నల్ లేనిచోట నింపి తరువాత పంపవచ్చు. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క నిలువు వరుస చేరిస్తే అదే ఫారం తెలుగులోనూ ఒడియాలోనూ కనబడుతుంది. అరువు బాకీల లెక్కకు, వసూళ్లకు ఇది చాలదు. కాని ఆర్డర్లు తీసుకోవడానికి పనికొస్తుంది, పైగా సేల్స్‌మన్లు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతారో, ఏ గడిని ఖాళీగా వదిలేస్తారో మీరు కోడ్ రాయకముందే తెలుసుకుంటారు.

భాషల గురించి మరొక మాట. ఆండ్రాయిడ్‌లో తెర మీది మాటలను కోడ్‌లో రాయకుండా వనరుల ఫైళ్లలో, తెలుగుకు వేరుగా, ఒడియాకు వేరుగా పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ భాష మార్చకుండా ఒక్క యాప్‌కే భాష ఎంచుకునే వీలుంది. మా దగ్గర మరాఠీ పెట్టుకున్న ఫోన్లలో ఒక చిక్కు వస్తుంది: అంకెలను ఫోన్ భాష ప్రకారం అక్షరాలుగా మార్చమని కోడ్ రాస్తే అవి దేవనాగరి అంకెలుగా మారిపోయి, సర్వరు వాటిని సంఖ్యలుగా గుర్తించదు. తెలుగుకు ఈ ఇబ్బంది రాదు కాని, మీ సరిహద్దులో రేపు ఏ భాష ఫోన్ వస్తుందో చెప్పలేం. తెర మీద చూపే అంకెకు ఏ భాష అయినా ఫరవాలేదు, సర్వరుకు పంపే అంకెను మాత్రం స్థిరమైన లొకేల్‌తో (భాష, ప్రాంతపు అమరికతో) రాయండి. వసూలు రసీదులకు చిన్న బ్లూటూత్ ప్రింటర్లు కొనే ఆలోచన ఉంటే, వాటిలో చాలావాటికి తెలుగు, ఒడియా అక్షరాలు తెలియవని గుర్తుంచుకోండి. రసీదును యాప్‌లో బొమ్మగా తయారుచేసి పంపితే ఏ లిపి అయినా అచ్చవుతుంది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మీ ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. పాత యాప్ ఎందుకు ఆగిందో ఇన్నాళ్లకు తెలిసింది. ముందు ఓడీకేతో కాశీనగర్ లైను నడిపిస్తూ, పక్కన కోట్లిన్ నేర్చుకుంటాను. రెండు సందేహాలు మిగిలాయి. కొత్తగా చేరిన ఇద్దరు తమ సొంత ఫోన్లనే వాడతామంటున్నారు, వాటిని రీసెట్ చేయమనడం న్యాయం కాదు. అలాగే సేల్స్‌మన్ ఎప్పుడు ఎక్కడున్నాడో రోజంతా మ్యాపులో కనబడాలని యజమానిగారు కోరుతున్నారు. ఇది చేయవచ్చా?

జవాబు: మజ్జిగౌరి వీధి, రాయగడ

సొంత ఫోన్లకు వర్క్ ప్రొఫైల్ అనే పద్ధతి ఉంది. ఫోన్‌ను రీసెట్ చేయనక్కరలేదు. ఆఫీసు యాప్‌లు చిన్న బ్రీఫ్‌కేసు గుర్తుతో వేరుగా ఉంటాయి. ఆ భాగం మీదే మీకు అధికారం. వారి ఫోటోలు, వాట్సాప్, సొంత యాప్‌లు కన్సోల్‌కు కనబడవు. ఈ మాట వారికి ముందే చెప్పి, కన్సోల్ తెరను వారికి కూడా చూపించండి, అనుమానం ఉండదు.

రోజంతా జాడ తీయడాన్ని నేను సమర్థించను. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది, పని అయిపోయాక కూడా మనిషి వెంటపడినట్టవుతుంది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. ఎవరి సమాచారమైనా ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలన్నది దాని ఉద్దేశం. మీ యజమానిగారికి నిజంగా తెలియవలసింది సేల్స్‌మన్ ఆ దుకాణానికి వెళ్లాడా లేదా అన్నదే కదా. ఆర్డరు సేవ్ చేసిన క్షణంలో మాత్రమే అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయండి. జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అవసరం లేదు కనుక కొండ మీద కూడా అందుతుంది, కాకపోతే నెట్ లేనిచోట మొదటిసారి కాస్త ఆలస్యం కావచ్చు. దాని కోసం సేవ్‌ను ఆపకండి, స్థానం దొరకకపోతే ఆ గడి ఖాళీగా ఉన్నా ఆర్డరు నమోదు కావాలి.

ఇంకొకటి. సొంత ఫోన్ వాడే సేల్స్‌మన్ ఉద్యోగం మానేస్తే మీరు కన్సోల్ నుంచి వర్క్ ప్రొఫైల్‌ను తొలగిస్తారు. అప్పుడు అతని సొంత సమాచారానికి ఏమీ కాదు కాని, ఆఫీసు భాగంలోనిది మొత్తం చెరిగిపోతుంది. కాబట్టి అతను ఫోన్‌తో ఆఫీసుకు వచ్చినప్పుడు 'పంపవలసినవి' లెక్క సున్నా అయిందని మీరు కళ్లారా చూసి, వసూలు సొమ్ము పద్దుతో సరిపోల్చుకున్న తరువాతే తొలగించండి.